ఆవుకిచ్చిన మందు, అంతరించిన రాబందు: జీవుల మధ్య బంధం అసలెలా పనిచేస్తుంది?

క్లుప్తంగా: పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ అనే మందు దేశంలో రాబందులను దాదాపు తుడిచిపెట్టేసింది. ఆ తర్వాత ఊరకుక్కలు, రేబిస్, మనుషుల మరణాలు పెరిగాయని అధ్యయనాలు చెబుతున్నాయి. "సకల జీవులూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి" అనే ఆధ్యాత్మిక భావనకు ఈ ఉదంతాన్ని తరచూ సాక్ష్యంగా చూపుతున్నారు. అయితే ఆ భావన అన్ని సంప్రదాయాల్లోనూ ఒకేలా లేదు. దేనికి ఈ ఉదంతం సాక్ష్యమవుతుంది, దేనికి కాదు అన్నదే ఇక్కడి ప్రశ్న.

చర్చకు మూలం

2024లో 'అమెరికన్ ఎకనమిక్ రివ్యూ' పత్రికలో ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తల అధ్యయనం వచ్చింది. భారత్‌లో రాబందులు మాయమవడం వల్ల 2000 నుంచి 2005 వరకు సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయారని అందులో అంచనా వేశారు. పక్షి పోతే మనుషులు లక్షల్లో చనిపోవడమేమిటని చాలామంది ఆశ్చర్యపోయారు. మరికొందరు ఆశ్చర్యపోలేదు. "ఇదంతా మన ఋషులు ఎప్పుడో చెప్పారు" అంటూ వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేశారు.

ఋషులు ఏం చెప్పారో, అధ్యయనం ఏం చెప్పిందో పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే మాట కావు. తేడా ఎక్కడుందో తెలియాలంటే ముందు రాబందు కథ వివరంగా చూడాలి.

మందు నుంచి మరణం దాకా

1980ల్లో భారత్‌లో రాబందుల సంఖ్య కోట్లలో ఉండేదని అంచనా. చచ్చిన పశువు ఎక్కడుంటే అక్కడ గుంపుగా వాలేవి. తెల్లవీపు రాబందు అప్పట్లో ప్రపంచంలోనే అత్యధిక సంఖ్యలో ఉన్న పెద్ద వేటపక్షుల్లో ఒకటి. 1990ల్లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గర కేవలాదేవ్ పార్కులో పక్షిశాస్త్రవేత్త విభు ప్రకాశ్ ఏదో తేడాగా ఉందని గమనించారు. రాబందులు మెడలు వేలాడేసుకుని కూర్చుని, కొమ్మల మీది నుంచి రాలిపడి చనిపోతున్నాయి. 1992లో వెయ్యి తెల్లవీపు రాబందులు ఉన్నాయనుకుంటే 2007 నాటికి మిగిలింది ఒక్కటి. పొడుగు ముక్కు, సన్నముక్కు జాతులు దాదాపు 97 శాతం తగ్గాయి.

మొదట ఏదో వైరస్ అనుకున్నారు. పురుగుమందులనూ అనుమానించారు. పాకిస్తాన్ పంజాబ్‌లో చనిపోయిన రాబందులను కోసి పరీక్షించిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో అసలు కారణం బయటపెట్టింది. అది డైక్లోఫెనాక్. మోకాళ్ల నొప్పులకు, నడుం నొప్పికి మనుషులు వాడే మందే. పేటెంట్ గడువు తీరి 1990ల్లో చవకగా దొరకడంతో పశువులకూ ఇవ్వడం మొదలైంది. మందు పడిన పశువు కొద్ది రోజుల్లోనే చనిపోతే దాని మాంసంలో, కాలేయంలో, మూత్రపిండాల్లో మందు మిగిలి ఉంటుంది. దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడవుతాయి, లోపలి అవయవాల మీద యూరిక్ ఆమ్లం తెల్లగా పేరుకుంటుంది, రెండు మూడు రోజుల్లో చనిపోతుంది.

ఇక్కడ లెక్క చాలా ముఖ్యం. వెయ్యి కళేబరాల్లో ఒకటి నుంచి ఎనిమిదింటిలో ప్రాణాంతక మోతాదు ఉన్నా చాలు, కనిపించినంత వేగంగా రాబందులు తగ్గిపోతాయని శాస్త్రవేత్తలు గణించారు. 2004-05 ప్రాంతంలో భారత్‌లో కళేబరాల నుంచి నమూనాలు తీసి చూస్తే దాదాపు 10 శాతంలో మందు కనిపించింది. రాబందు ఒంటరిగా తినదు. ఒక్క విషపు కళేబరం ఒక గుంపు మొత్తానికి చాలు. పైగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, పిల్ల పెరిగి జత కట్టడానికి ఐదేళ్లు పడుతుంది. అంత త్వరగా పోయేవి, ఇంత నెమ్మదిగా పుట్టేవి.

కళేబరం ఎవరి వంతుకు వచ్చింది

దేశంలో పశువుల సంఖ్య తగ్గలేదు, రాబందులే తగ్గాయి. మరి కళేబరాలేమయ్యాయి? రాబందు జీర్ణాశయంలోని ఆమ్లం చాలా ఘాటు. కుళ్లిన మాంసంలోని ఎన్నో రకాల సూక్ష్మక్రిములు అక్కడే చస్తాయి. ఒక గుంపు వాలితే గంటలోపే ఆవు కళేబరం ఎముకల గూడుగా మిగులుతుంది. కుక్కలు, ఎలుకలు ఆ పనిని అంత వేగంగా, అంత శుభ్రంగా చేయలేవు. తిండి మిగిలింది కాబట్టి కుక్కలు మాత్రం పెరిగాయి. 2008లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం రాబందుల పతనం వల్ల కనీసం 55 లక్షల కుక్కలు అదనంగా పెరిగాయి. 1992 నుంచి 2006 వరకు వాటి కాట్ల వల్ల 47 వేల మందికి పైగా రేబిస్‌తో చనిపోయి ఉంటారని ఆ అధ్యయనం అంచనా వేసింది.

ఫ్రాంక్, సుదర్శన్‌ల పద్ధతి వేరు. ఒకప్పుడు రాబందులు బాగా ఉండే జిల్లాలను, వాటికి అనువుకాని జిల్లాలను పోల్చారు. మందు రాకముందు రెండు రకాల జిల్లాల్లోనూ మరణాల రేటు ఒకేలా ఉంది. వచ్చాక రాబందులుండే జిల్లాల్లో అది 4 శాతానికి పైగా పెరిగింది. కుక్కలతోపాటు నీటి కాలుష్యమూ కారణమని వారి వాదన. ఇది ఒక్కొక్క మరణాన్నీ లెక్కపెట్టి చెప్పిన సంఖ్య కాదు, గణాంకాల పోలిక నుంచి తీసిన అంచనా. ఐదు లక్షలు అన్న అంకె కంటే, రెండు రకాల జిల్లాల మధ్య తేడా ఏ సమయంలో మొదలైందన్నదే ఇందులో బలమైన సాక్ష్యం.

ఈ కథలో తరచూ వదిలేసే భాగం ఒకటుంది. ఊళ్లో గొడ్డు చస్తే దాన్ని ఊరి బయటికి ఈడ్చుకెళ్లి తోలు ఒలిచే పనిని మాదిగలు, ఉత్తరాదిన చమార్ల వంటి కులాల మీద తరతరాలుగా మోపారు. తోలు పోయాక మిగిలింది రాబందు తినేది. తెల్లబడిన ఎముకలు ఎరువుకు, జెలటిన్ పరిశ్రమకు వెళ్లేవి. అంటే ఊరి పరిశుభ్రత ఊరి అంచుకు నెట్టేసిన మనుషుల మీద, ఇంటి మీద వాలితే అపశకునమని శాంతి చేయించుకునే పక్షి మీద ఆధారపడింది. సకల జీవుల్లో దేవుడున్నాడని చెప్పుకున్న సమాజమే తన బతుకు ఎవరి మీద ఆధారపడిందో వారినే అంటరాదంది. జీవుల బంధం గురించి చెప్పే ప్రవచనాల్లో ఈ మాట దాదాపుగా వినిపించదు.

ఒకే మాట వెనుక నాలుగు వాదాలు

జీవులన్నీ ముడిపడి ఉన్నాయనే భావన మన ప్రాంతపు సంప్రదాయాల్లో కనీసం నాలుగు రూపాల్లో ఉంది. వాటిని కలిపేయడం వల్లే గందరగోళమంతా.

అందరికీ తెలిసినది ఏకత్వం. ఉన్నది ఒకటే, అన్నిటిలోనూ ఉన్నది అదేనంటుంది అద్వైతం. ఈశావాస్యోపనిషత్తులోని ఒక మంత్రం సర్వభూతాలనూ తనలో, తనను సర్వభూతాల్లో చూసేవాడికి దేని మీదా జుగుప్స కలగదంటుంది. పోతన ప్రహ్లాదుడు "ఇందుగలడందు లేడని సందేహము వలదు" అన్నది భక్తి వైపు నుంచి చెప్పిన మాటే అయినా, ప్రవచనకారులు రెండింటినీ ఒకే గాటన కడతారు. గమనిస్తే ఇది జీవుల మధ్య సంబంధం గురించిన వాదం కాదు. వాటి వెనుక ఉన్న సత్యం గురించిన వాదం. ఆ లెక్కన రాబందు ఉన్నా పోయినా బ్రహ్మానికి లోటు లేదు. రాబందుల పతనం అద్వైతాన్ని రుజువు చేయదు, కాదనదు కూడా. అసలు దాని విషయమే వేరు.

జైనం దారి వేరు. జీవాత్మలు అనంతం, దేనికది వేరు. అయినా ఒకదానికొకటి తోడ్పడడం వాటి ధర్మం. తత్త్వార్థసూత్రంలోని "పరస్పరోపగ్రహో జీవానామ్" అన్న ఈ సూత్రాన్నే జైనుల ఉమ్మడి చిహ్నం కింద రాస్తారు. ముసలి పశువులను, గాయపడిన పక్షులను సాకే పింజ్రాపోల్ వంటి సంస్థలు ఈ ఆలోచన నుంచే పెరిగాయి.

బౌద్ధం చెప్పేది కారణాల గురించి. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది ఆగితే అది ఆగుతుంది అన్నది ప్రతీత్యసముత్పాదం సారం. కృష్ణా తీరంతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లి, ఏ వస్తువుకూ తనకంటూ స్వతంత్ర స్వభావం లేదన్నాడు. దీని అసలు లక్ష్యం దుఃఖం ఎలా పుడుతుందో, ఎలా ఆగుతుందో వివరించడమే కానీ అడవి లెక్కలు చెప్పడం కాదు. అయినా ఆలోచించే తీరు మాత్రం రాబందు ఉదంతానికి అన్నిటికంటే దగ్గరగా ఉంది. ఫలానా ఫలితం దేని మీద ఆధారపడిందని అది అడుగుతుంది.

నాలుగోది తిండి. తైత్తిరీయోపనిషత్తు చివర "నేనే అన్నాన్ని, నేనే అన్నం తినేవాణ్ణి" అన్న గానం వస్తుంది. "జీవో జీవస్య జీవనమ్" అంటుంది భాగవతం. ఒక జీవి బతుకు మరో జీవి మీదే. ఇందులో తీపి మాటలు లేవు. కరుణ గురించి కాకుండా ఎవరిని ఎవరు తింటారన్న దాని గురించి చెప్పడం వల్ల ప్రసంగాల్లో దీనికి చోటు తక్కువ. జీవశాస్త్రం ఆహారపు గొలుసు అని దేన్నంటుందో దానికి దగ్గరి బంధువు ఇదే.

దఖ్మాల మీద పడిన దెబ్బ

ఈ బంధాన్ని మాటల్లో కాకుండా ఆచారంలోనే కట్టుకున్న సముదాయం పార్శీలు. జొరాస్ట్రియన్ మతంలో నేల, నిప్పు, నీరు పవిత్రం. శవంతో వాటిని మైలపరచకూడదు. అందుకే పైకప్పు లేని గుండ్రటి రాతి కట్టడంలో, దఖ్మాలో, శవాన్ని ఉంచి పక్షులకు వదిలేస్తారు. మనిషి చేసే చివరి దానంగా కూడా దీన్ని చూస్తారు. ముంబై మలబార్ హిల్ మీది డూంగర్‌వాడి ఇందుకు ప్రసిద్ధి. హైదరాబాద్ పార్శీగుట్టలోనూ దఖ్మా ఉంది.

రాబందులు పోవడంతో ఆ ఆచారానికే ఆధారం పోయింది. ముంబైలో సూర్యరశ్మిని ఒకచోట కేంద్రీకరించే పరికరాలు పెట్టారు. వానాకాలంలో అవి సరిగా పనిచేయవు. దహనానికి మొగ్గు చూపిన కుటుంబాల కోసం 2015లో వర్లీ శ్మశానంలో ప్రార్థనా మందిరం తెరిచారు. దీని మీద సముదాయంలో సంప్రదాయవాదులకూ మార్పు కోరేవారికీ మధ్య పెద్ద వివాదమే నడిచింది. ఎక్కడో పశువుల కొట్టంలో వేసిన ఇంజెక్షన్ ఒక మతం అంత్యక్రియలను మార్చేసింది. మందు వేసినవారికి గానీ, పార్శీలకు గానీ ఆ సంగతి తెలియడానికి దశాబ్దం పట్టింది.

దయ చేసిన హాని

మొత్తం కథలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. రైతు ఆవు నొప్పి చూడలేక మందు వేయించాడు. చవకగా దొరికే, బాగా పనిచేసే మందునే పశువైద్యుడు రాశాడు. గోశాలల్లో ముసలి, జబ్బు పశువులను కోతకు పంపకుండా చివరిదాకా సాకుతారు. నొప్పి తగ్గించే మందులు ఎక్కువగా పడేదీ చివరి రోజుల్లోనే, కళేబరం బయటికి వెళ్లేదీ ఆ వెంటనే. విషం చేరడానికి ఇంతకంటే దగ్గరి దారి ఉండదు. జటాయువుకు రాముడు స్వయంగా దహన సంస్కారం చేశాడని చెప్పుకునే, లేపాక్షి పేరును ఆ పక్షికే ముడిపెట్టే నేలలో ఆవు మీది దయ రాబందు పాలిట మృత్యువైంది.

దీని నుంచి దయ తప్పని తేల్చడం తొందరపాటు. మెలాక్సికామ్ అనే మరో నొప్పి మందు రాబందులకు హాని చేయదని 2006 నాటికే పరీక్షల్లో తేలింది. ఆవు నొప్పీ తగ్గుతుంది, రాబందూ బతుకుతుంది. లోపించింది సమాచారమే. కనిపించే జీవి మీద కలిగిన కరుణకు, ఆ జీవి చచ్చాక దాన్ని తినే జీవి కనిపించలేదు.

ఇక్కడే 'అన్నీ అన్నిటితో ముడిపడి ఉన్నాయి' అన్న వాక్యం బలహీనత బయటపడుతుంది. వినడానికి నిజమే, కానీ ఏ మందును ఆపాలో అది చెప్పదు. అన్ని ముడులూ సమానంగా బిగిసి లేవు. కొన్ని జాతులు పోతే వాటి పనిని పక్క జాతి అందుకుంటుంది, మనకు తేడా కూడా తెలియదు. రాబందు పనిని అందుకోగల జాతి లేదు కాబట్టే దెబ్బ అంత దూరం తగిలింది. ఇలాంటి జాతులను కీలక జాతులంటారు. ప్రకృతి తనంతట తానే సమతుల్యంలోకి వస్తుందన్న నమ్మకానికీ ఇందులో ఆధారం లేదు. కుక్కలు పెరగడం కూడా ప్రకృతి చేసిన సర్దుబాటే. అది మనుషులకు అనుకూలంగా లేదు, అంతే.

వేరే దేశాల్లో వేరే దారులు

స్పెయిన్‌లో రాబందులను ఇబ్బంది పెట్టింది మందు కాదు, ప్రజారోగ్య నిబంధన. పిచ్చి ఆవు వ్యాధి భయంతో చచ్చిన పశువులను పొలాల్లో వదలకూడదని 2000ల మొదట్లో యూరోపియన్ యూనియన్ కట్టడి చేసింది. దాంతో రాబందులకు తిండి కరువైంది. 2011 నాటికి నిబంధన సడలించాల్సి వచ్చింది. అదే స్పెయిన్ 2013లో పశువులకు డైక్లోఫెనాక్‌ను అనుమతించింది, భారత్ నిషేధించిన ఏడేళ్ల తర్వాత! 2020లో అక్కడ ఒక నల్ల రాబందు పిల్ల ఆ మందుతోనే చనిపోయినట్టు తేలింది.

ఆఫ్రికాలో కారణం ఇంకా వేరు. ఏనుగును చంపిన చోట రాబందులు గిరికీలు కొడితే అటవీ సిబ్బందికి జాడ దొరికిపోతుంది. అందుకని వేటగాళ్లు కళేబరానికే విషం పూస్తారు. 2019లో బోట్స్వానాలో ఇలా 537 రాబందులు చనిపోయాయి. మూడు చోట్లా ముడి ఒకటే, కళేబరానికీ పక్షికీ మధ్య ఉన్నది. దాన్ని తెంపిన చెయ్యి మాత్రం ఒకచోట దయ, ఒకచోట జాగ్రత్త, ఒకచోట దురాశ.

నేపాల్ ముడిని తిరిగి వేసింది. నవల్‌పరాసీ జిల్లా పిఠౌలీలో 2006లో 'జటాయు రెస్టారెంట్' మొదలైంది. రైతులకు భారమైన ముసలి పశువులను తీసుకుని, హానికర మందులు వేయకుండా సాకి, సహజంగా చనిపోయాక రాబందులకు పెడతారు. ఆవును చంపరు, రాబందును పస్తుంచరు. సిద్ధాంత చర్చ ఏదీ లేకుండానే గ్రామస్థులు రెండు విలువలనూ కలిపేశారు. నేపాల్‌లో రాబందులు మళ్లీ పెరుగుతున్నాయి.

నిషేధం తర్వాత

భారత్, పాకిస్తాన్, నేపాల్ 2006లో పశువులకు డైక్లోఫెనాక్‌ను నిషేధించాయి. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు మాత్రం పశువులకు చేరుతూనే ఉన్నాయి. దాంతో 2015లో భారత్‌లో సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు పరిమితం చేశారు. అసిక్లోఫెనాక్ అనే మరో నొప్పి మందు పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. దాన్ని, కీటోప్రొఫెన్‌ను 2023లో నిషేధించారు. తర్వాత నిమెసులైడ్ వంతు వచ్చింది. ఒక్కో మందు పక్షులను చంపాక గానీ, లేదా చంపుతుందని తేలాక గానీ నిషేధం రావడం లేదు. పశువుల మందుకు అనుమతి ఇచ్చే ముందే రాబందుల మీద దాని ప్రభావం చూడాలన్నది సంరక్షకుల ప్రధాన డిమాండ్.

హర్యానాలోని పింజోర్ వంటి కేంద్రాల్లో పెంచిన పక్షులను ఇప్పుడు అడవుల్లోకి వదులుతున్నారు. 2024లో మహారాష్ట్రలోని తాడోబా, పెంచ్‌లలో వదిలారు. వాటిలో ఒకటి వేల కిలోమీటర్లు తిరిగి తమిళనాడు దాకా వెళ్లింది. తెలంగాణలో కొమురంభీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగు ముక్కు రాబందుల గూళ్లు కనిపించాయి. అటవీ శాఖ స్థానికులనే కాపలాకు పెట్టింది, మందు అవశేషాలు లేని కళేబరాలను ఆహారంగా అందించింది. ఆ గుట్ట మీది నుంచి లేచిన రాబందుకు ప్రాణహిత దాటి గడ్చిరోలి చేరడం పెద్ద పని కాదు. హానికర మందులు పశువులకు పడకుండా చూసే రాబందుల సురక్షిత మండలాలను సాధారణంగా 100 కిలోమీటర్ల వ్యాసార్థంతో గీస్తారు. పక్షి మాత్రం ఆ గీత చూసి ఎగరదు. నది అవతల ఏ పశువుకు ఏ ఇంజెక్షన్ పడుతుందో బెజ్జూరు అటవీ శాఖ చేతిలో లేదు.